జనవరి మంచుకు సెప్టెంబరులోనే పాదం కొలవండి

అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల క్రీడాధికారులకు, కళాశాలల పీడీ సార్లకు, మేడమ్‌లకు, చలికాలం యాత్రలు కట్టే ట్రెక్కింగ్ క్లబ్బుల కార్యదర్శులకు నమస్కారాలతో.

ఈ చలికాలం మన పిల్లల్ని ఉత్తరాఖండ్‌లోని ఔలీకో, కాశ్మీర్‌లోని గుల్మార్గ్‌కో, మనాలి పక్కన సోలాంగ్‌కో స్కీయింగ్ కోర్సుకు పంపే ఆలోచనలో మీరుంటే మాకు సంతోషమే. వానే సరిగా పడని నేల నుంచి ఒక పిల్ల వెళ్ళి మంచు మీద తన కాళ్ళపై తాను నిలబడి జారుకుంటూ దిగిందంటే, ఆ ధైర్యం ఇంటికి తిరిగొచ్చాక కూడా ఆమెతోనే ఉంటుంది. పంపవద్దని చెప్పడానికి ఈ లేఖ రాయడం లేదు. పంపే ముందు చేయవలసిన పని పంపే వారంలో మొదలవుతోంది, దాన్ని సెప్టెంబరుకు జరపండి అని అడగడానికి రాస్తున్నాం.

ఏడు రోజుల కోర్సులో మన పిల్లలకు మూడు రోజులు ఎలా పోతాయో చూడండి. మొదటి రోజు బూటు ఒరుసుకుని మడమ బొబ్బ కడుతుంది. రెండో రోజు తలనొప్పి, వాంతులు. మూడో రోజుకు తొడలు పట్టేసి మంచంలోంచి లేవలేరు. ఇక నాలుగో రోజు నుంచి నేర్చుకునేదేమిటి? ఈ మూడింట్లో తలనొప్పి ఒక్కటే ఆ ఎత్తు వల్ల వచ్చేది. మిగతా రెండూ ఇక్కడి నుంచి మోసుకుపోయినవి.

ముందు తేదీల సంగతి. ఔలీలో మంచు కాలం జనవరి నుంచి మార్చి దాకా. ఉత్తరాఖండ్ ప్రభుత్వ పర్యాటక సంస్థ గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ అక్కడ 7 రోజుల, 14 రోజుల కోర్సులు నడుపుతుంది. జనవరి మొదట్లో మంచు సరిగా పడకపోతే వాలు మీద రాళ్ళూ గడ్డీ బయటికి కనిపిస్తాయి. మంచు కురిపించే యంత్రాలున్నా గాలి సున్నా డిగ్రీల కిందికి దిగితే తప్ప అవి పనిచేయవు. ఫిబ్రవరి మంచు నమ్మకమైనదే కానీ ఇంటర్ పిల్లలకు అప్పుడు ప్రాక్టికల్స్. కాబట్టి ఇంటర్ రెండో ఏడాది వాళ్ళను ఈ బ్యాచ్‌లో పెట్టకండి, డిగ్రీ పిల్లల్ని ఫిబ్రవరికి పంపండి. రైలు టికెట్లు ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు. కర్ణాటక ఎక్స్‌ప్రెస్ అనంతపురం, గుంతకల్లు మీదుగా ఢిల్లీకి పోతుంది. అక్కడి నుంచి రిషికేశ్, రిషికేశ్ నుంచి జోషిమఠ్‌కు 250 కిలోమీటర్ల కొండదారి, ఒక పగలంతా పడుతుంది. మంచు పడో, కొండచరియ జారో ఆ దారి మూసుకుపోవడం మామూలే. పోయేటప్పుడు ఒక రోజు, వచ్చేటప్పుడు ఒక రోజు చేతిలో ఉంచుకోకుండా తిరుగు టికెట్ తీస్తే, పిల్లలు కోర్సు మధ్యలో సర్టిఫికెట్ లేకుండా దిగిరావలసి వస్తుంది. జోషిమఠ్ నుంచి ఔలీకి 4 కిలోమీటర్ల రోప్‌వే ఉండేది, 2023 జనవరిలో ఊరి నేల కుంగినప్పుడు దాన్ని ఆపేశారు. మీ లెక్క రోడ్డు మీదే వేసుకోండి. తాజా మంచు ఉన్న రోజున టైర్లకు గొలుసులు కట్టిన బండి కావాలి, బండి మాట్లాడేటప్పుడే అది అడగాలి.

అనంతపురం సముద్రమట్టానికి 350 మీటర్ల లోపు. ఔలీ వాలులు 2,500 నుంచి 3,050 మీటర్ల మధ్య ఉంటాయి. 3,000 మీటర్ల దగ్గర ఒక్కో ఊపిరికి అందే ప్రాణవాయువు సముద్రమట్టంలో అందేదానిలో 70 శాతం మాత్రమే. దీనికి ఇక్కడ చేయగల సాధన లేదు. గుత్తి కొండ రోజూ ఎక్కినా శరీరం ఆ ఎత్తుకు అలవాటు పడదు. చేయగలిగినవి రెండే: 1,900 మీటర్ల దగ్గరున్న జోషిమఠ్‌లో ఒక రాత్రి ఆగడం, పైకి చేరిన మొదటి రోజు బరువైన పని పెట్టుకోకపోవడం. తలనొప్పికి తోడు వాంతులుంటే విశ్రాంతి. విశ్రాంతి తీసుకున్నా పెరుగుతుంటే, నడక తూలుతుంటే అర్ధరాత్రైనా కిందికి దించాలి. మాత్ర వేసి పడుకోబెట్టడం చికిత్స కాదు.

ఆ ఎత్తులో ఇంకా ఎక్కువ ఇబ్బంది పెట్టేది రక్తహీనత. దానికి ఇక్కడ మందుంది, కానీ సమయం కావాలి. హిమోగ్లోబిన్ ఆడపిల్లలకు 12 గ్రాములు, మగపిల్లలకు 13 గ్రాముల కింద ఉంటే రక్తహీనత కిందే లెక్క. డాక్టరు ఇచ్చిన ఐరన్ మాత్రలతో అది సరికావడానికి రెండు మూడు నెలలు పడుతుంది. డిసెంబరు ఆఖరున మెడికల్ సర్టిఫికెట్ కోసం పరీక్ష చేయిస్తే అమ్మాయిని ఆపేయడమో, కళ్ళు మూసుకుని పంపడమో తప్ప దారి ఉండదు. అక్టోబరు మొదటి వారంలో చేయిస్తే ఆమె నిశ్చింతగా పోతుంది. మాత్ర వేసుకున్న గంటలోపు టీ, కాఫీ తాగితే ఇనుము ఒంటికి పట్టదని ప్రతి అమ్మాయికీ చెప్పండి. ఉబ్బసం ఉన్నవాళ్ళ మాట కూడా అప్పుడే బయటికి రావాలి. దాన్ని దాచిపెట్టి పోతే చల్లగాలికి మొదటి రాత్రే ఆయాసం మొదలవుతుంది.

ఇక కాళ్ళు. స్కీయింగ్‌లో తొడ కండరం పనిచేసేది బరువును ఆపుతూ దిగేటప్పుడు. అందుకే వంద మీటర్ల పరుగు పెట్టి పిల్లల్ని ఎంపిక చేయడం సరికాదని మా అభిప్రాయం. ఎంపికకు ఇంతకంటే తేలిక పరీక్ష ఉంది. గోడకు వీపు ఆనించి, మోకాళ్ళు 90 డిగ్రీలు వంచి, కుర్చీ లేకుండా కూర్చున్నట్టు 60 సెకన్లు ఉండగలగాలి. ఒంటికాలి మీద కళ్ళు మూసుకుని 20 సెకన్లు నిలబడగలగాలి. మొదట్లో సగం మంది తప్పుతారు. తప్పినవాళ్ళను తీసేయకుండా ఎనిమిది వారాలు సాధన చేయించండి.

ఆ సాధనకు గుత్తి కోట కంటే మంచి చోటు మనకు లేదు. చుట్టూ ఉన్న మైదానం నుంచి కోట కొన దాదాపు 300 మీటర్లు లేస్తుంది. వారానికి మూడు రోజులు ఎక్కించండి, ఎక్కేటప్పుడు వాళ్ళకు నచ్చిన వేగంతో ఎక్కనివ్వండి. దిగేటప్పుడు మాత్రం ఒక్కో మెట్టుకు మూడు అంకెలు లెక్కపెట్టుకుంటూ, మోకాలు వంచి, మడమ చప్పుడు కాకుండా దిగాలి. పరుగెత్తుకుంటూ దిగితే మోకాలి కీలు దెబ్బతినవచ్చు. కర్నూలు వాళ్ళకు ఓర్వకల్లు రాళ్ళ గుట్టలున్నాయి, కడప వాళ్ళకు పాలకొండలు. కొండ దూరమైన కళాశాలలో మూడంతస్తుల మెట్లు చాలు. మిగతా రోజుల్లో గుంజీలు 15 చొప్పున మూడు దఫాలు, గోడ కుర్చీ 45 సెకన్లతో మొదలుపెట్టి 90 దాకా. రోలర్ స్కేట్లు దొరికితే ఇంకా మంచిది. బరువు ఒక కాలి నుంచి ఇంకో కాలికి మార్చడం, పాదం అంచు మీద నిలవడం దాంతో అలవాటవుతాయి.

పాదం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఎక్కువ మంది అలక్ష్యం చేసేది దీన్నే.

స్కీ అంటే కాలికి బిగించుకుని మంచు మీద జారే పొడవాటి పలక. దానికి పట్టించే స్కీ బూటు ప్లాస్టిక్ పెంకు. లోపల మెత్తని లైనర్, పైన సాధారణంగా నాలుగు బకిళ్ళు, పిక్క దగ్గర ఒక పట్టీ. దాని సైజు మన చెప్పుల నెంబరు కాదు, పాదం పొడవు సెంటీమీటర్లలో. 25.5 సెంటీమీటర్ల పాదానికి 25.5 బూటు. కొలత సాయంత్రం తీయాలి, పొద్దున కంటే పాదం అప్పుడు కొంచెం ఉబ్బి ఉంటుంది. నేల మీద కాగితం పరిచి, మడమ గోడకు ఆనించి, బరువంతా ఆ కాలి మీద వేసి నిలబెట్టండి. అన్నిటికంటే పొడవైన వేలి కొన దగ్గర గీత గీయండి. కొందరికి అది బొటనవేలు కాదు, పక్క వేలు. రెండు పాదాలూ కొలిచి పెద్దదాన్ని రాయండి.

అక్కడ బూటు ఇచ్చే గదిలో నలభై మంది గుమిగూడి ఉంటారు. పిల్లవాడు కాలు పెట్టి "బిగుతుగా ఉంది" అనగానే ఒక సైజు పెద్దది చేతిలో పెడతారు. వాడికి అది సుఖంగా ఉంటుంది, ఆ సుఖం ఒక గంటే. వదులు బూటులో మడమ పైకి లేస్తుంది, పాదం ముందుకు జారి వేళ్ళు పెంకుకు తగులుతాయి. గోరు నల్లబడుతుంది. కాలు నిలవడం లేదని పై బకిళ్ళు లాగి బిగిస్తాడు. రక్తం ఆడక వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. అది చలి వల్ల అనుకుని రెండో సాక్సు తొడుగుతాడు. సాక్సు మడతపడిన చోట బొబ్బ లేస్తుంది. ఇంత బాధకూ మూలం ఆ ఒక్క సైజు.

సరైన బూటును గుర్తుపట్టే తీరు ఇది. లైనర్ బయటికి తీసి, ఉత్త పెంకులో కాలు పెట్టి, వేళ్ళు ముందు గోడకు తాకేదాకా జరపాలి. అప్పుడు మడమ వెనక ఒకటి నుంచి రెండు సెంటీమీటర్ల సందు ఉండాలి, రెండు వేళ్ళు పట్టేంత. తర్వాత లైనర్ పెట్టి తొడిగి, మడమను నేలకు రెండుసార్లు గట్టిగా కొట్టి వెనక్కి కూర్చోబెట్టాలి. నిటారుగా నిలబడితే వేళ్ళు ముందు కొద్దిగా తాకాలి, మోకాళ్ళు ముందుకు వంచగానే వెనక్కి రావాలి. వంచినా నలుగుతుంటే బూటు చిన్నది. వంచినప్పుడు మడమ లేస్తే పెద్దది. చీలమండ దగ్గర బకిలు గట్టిగా, వేళ్ళ దగ్గరిది తేలిగ్గా. సాక్సు ఒక్కటే, పల్చని ఉన్నిదో సింథటిక్‌దో, మోకాలి దాకా ఉండేది. థర్మల్ ప్యాంటు అంచు బూటులోకి దోపకూడదు. ఆ కుట్టు సాయంత్రానికి కాలి ముందెముక మీద వాత పెడుతుంది. గోళ్ళు బయలుదేరడానికి నాలుగు రోజుల ముందే కత్తిరించుకోవాలి, ముందు రోజు కత్తిరిస్తే కొత్త అంచు గుచ్చుతుంది.

బూటును స్కీకి పట్టి ఉంచేది బైండింగ్. పడినప్పుడు అది విడిపోవాలి, మామూలుగా దిగేటప్పుడు విడిపోకూడదు. ఎంత బలానికి విడిపోవాలన్నది బరువు, ఎత్తు, వయసు, నేర్పు, బూటు అడుగు పొడవు చూసి అమరుస్తారు. అడుగు పొడవు మిల్లీమీటర్లలో బూటు మడమ పక్కన అచ్చువేసి ఉంటుంది. బరువు గొప్పకు ఎక్కువ చెబితే పడినా స్కీ ఊడదు, మోకాలు మెలితిరిగి లోపలి లిగమెంటు తెగుతుంది. సిగ్గుపడి తక్కువ చెబితే మలుపులో ఊడిపోతుంది. "ఇంతకు ముందు వచ్చావా" అని అడిగితే రానివాళ్ళు రాలేదనే చెప్పాలి. బూటు కింద అతుక్కున్న మంచును పోలుతో (చేతిలో పట్టుకునే ఊతకర్రతో) గీకకుండా తొక్కితే బైండింగ్ పట్టినట్టే అనిపించి సగంలో వదిలేస్తుంది. మొదలుపెట్టేవాళ్ళకు గడ్డానికీ ముక్కుకూ మధ్య వచ్చే స్కీ చాలు.

బట్టల విషయంలో మన అలవాటు ప్రాణం మీదికి తెస్తుంది. మన ఎండకు నూలు మంచిది, కాబట్టి బనియను, జీన్సు, పైన ఒక లావు స్వెటరు వేసి పంపుతారు. నూలు చెమటను పీల్చి తడిగా అలాగే ఉంచుతుంది. వాలు మీద కష్టపడిన పిల్లవాడు వరుసలో పది నిమిషాలు నిలబడగానే ఆ తడి ఒంట్లోని వేడిని లాగేస్తుంది. జీన్సు తడిస్తే ఆరోజుకు ఆరదు. ఇది అర్థం కావడానికి మన కురుబ కాపరుల కంబళిని చూడండి. వానలో తడిసి బరువెక్కినా అది వెచ్చగానే ఉంటుంది, ఉన్ని గుణం అది. ఒంటికి తగిలే థర్మల్ ఉన్నిదో సింథటిక్‌దో ఉండాలి, రెండు జతలు. దాని పైన ఒక ఫ్లీస్ (మెత్తని సింథటిక్ స్వెటరు). అన్నిటికీ పైన గాలీ నీరూ చొరబడని జాకెట్టు, ప్యాంటు. చేతులకు నీరు దిగని గ్లౌజులు, లోపల పల్చనివి ఒక జత. మెడకు మఫ్లరు వద్దు, వేలాడే కొస వాలు పైకి తీసుకుపోయే లిఫ్టులో చిక్కుకుంటుంది, గొట్టంలా తొడిగేది కావాలి.

ఈ సామాను ఏటా ప్రతి పిల్లవాడితో కొనిపించడం అన్యాయం. 20 మంది బ్యాచ్‌కు 20 జాకెట్లు, 20 ప్యాంట్లు, 20 గాగుల్స్, 40 జతల గ్లౌజులు జిల్లా ఖాతాలో కొని పెట్టండి. బ్యానర్లకూ, కోర్సు పేరు అచ్చువేసిన ట్రాక్‌సూట్లకూ పెట్టే డబ్బు దీనికి మళ్ళించండి, ఆ ట్రాక్‌సూటు మంచులో ఒక గంట కూడా ఆదుకోదు. అన్నీ ఒకే సైజు కొనకండి. తిరిగొచ్చాక జాకెట్లను ఫ్యాబ్రిక్ కండిషనర్ వేయకుండా ఉతికించండి, అది వేస్తే నీరు నిలవని గుణం పోతుంది. పూర్తిగా ఆరాక వేపాకు వేసి పెట్టెలో పెట్టండి. డిసెంబరులో పెట్టె తెరిచి ప్రతి జిప్పూ పైకీ కిందికీ లాగి చూడండి.

లాడ్జి గురించి చెప్పబోయేది పిల్లలతో వెళ్ళే పీడీలు దయచేసి రెండుసార్లు చదవండి. డార్మిటరీలో చలి ఎక్కువైతే బొగ్గుల కుంపటి తెచ్చి పెడతారు. తలుపులు, కిటికీలు బిగించిన గదిలో రాజుకునే బొగ్గు నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి వాసన లేదు, రంగు లేదు, దగ్గు రాదు. నిద్రలోనే మనిషి పోతాడు. గాలి ఆడని స్నానాలగదిలో గ్యాస్ గీజరుదీ ఇదే ప్రమాదం. కుంపటి దగ్గర చేతులు కాచుకోవాలంటే వరండాలో కాచుకోండి. పడుకునే ముందు గదిలో నిప్పు ఉండకూడదు, ఒక కిటికీ జానెడు తెరిచి ఉండాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఎత్తు వల్ల వచ్చే తలనొప్పి, ఈ విషవాయువు వల్ల వచ్చే తలనొప్పి ఒకేలా ఉంటాయి, రెండింట్లోనూ వాంతులవుతాయి. గదిలో నలుగురికి ఒకేసారి తల పట్టిందంటే ముందు అనుమానించవలసింది గాలినే. అందరినీ బయటికి తీసుకొచ్చి, ఆ తర్వాత ఆలోచించండి. రాత్రికి మన కంబళి ఒకటి వేసుకుపోతే కుంపటి అడగాలనిపించదు.

బూట్లను రాత్రి వరండాలో వదలకండి, చలికి పెంకు బిగుసుకుపోయి పొద్దున కాలు దూరదు. లైనర్లు ఊడదీసి గదిలో ఆరబెట్టండి, హీటరుకు ఆనించకుండా. ఒక్క ఎక్స్‌టెన్షన్ బోర్డుకు హీటరు, కెటిలు రెండూ తగిలించకండి. నీళ్ళ మాట మరవకండి. చలికి దాహం తెలియదు, రోజుకు మూడు లీటర్లు గోరువెచ్చనివి తాగించండి. జేబులో మన పల్లీ చిక్కీ ఉంటే వాలు మీద అదే మంచి తిండి.

వాలు మీద నేర్పేవాళ్ళు అక్కడ ఉంటారు, మేం ఎక్కువ చెప్పం. భయపడితే మనిషి వెనక్కి వాలతాడు, వెనక్కి వాలితే స్కీల ముందు భాగం తేలిపోయి మలుపు తిరగదు. మోకాలి కింది ముందెముక ఎప్పుడూ బూటు నాలుకను నొక్కుతూ ఉండాలి. ఆగాలంటే ముందు కొనలు దగ్గరికి, వెనక కొనలు దూరానికి. పడక తప్పకపోతే పక్కకు పడాలి, పోలులు వదిలేయాలి. పట్టుకునే పడితే బొటనవేలి మొదలు బెణుకుతుంది. ఎండ మనకు అలవాటేనన్న ధీమా వద్దు. తాజా మంచు పైనుంచి పడే అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా తిరిగి పైకి కొడుతుంది. గాగుల్స్ లేకుండా ఒక పగలు ఉంటే ఆ రాత్రి కళ్ళలో ఇసుక పోసినట్టు మండుతాయి. గడ్డం కిందా, ముక్కు రంధ్రాల అంచునా కూడా సన్‌స్క్రీన్ రాయాలి. వేలి కొన తెల్లబడి స్పర్శ పోతే చంకలో పెట్టి వెచ్చజేయాలి. మంచుతో రుద్దడం, నిప్పుకు చూపడం రెండూ తప్పు. తిమ్మిరెక్కిన వేలికి కాలుతున్నదీ తెలియదు.

పిల్లల్ని మంచుకు పంపాలన్నప్పుడల్లా సభల్లో మాలావత్ పూర్ణ పేరు చెబుతారు, చెప్పవలసిందే. 2014 మే 25న ఆమె, ఆనంద్ కుమార్ ఎవరెస్ట్ ఎక్కారు. అయితే ఆ పిల్లల్ని నేరుగా ఎవరెస్టుకు తీసుకుపోలేదు. ముందు భువనగిరి రాతి మీద, తర్వాత డార్జిలింగ్‌లో శిక్షణ, ఆపైన చలికి అలవాటు పడడానికి లద్దాఖ్. ఆ వరుసలో మొదటి మెట్టు సొంత నేల మీది రాయి. మనకు గుత్తి ఉంది, ఓర్వకల్లు ఉంది, గండికోట ఉంది.

కాబట్టి సెప్టెంబరులోనే ప్రతి కళాశాలలో ఒక సాయంత్రం పిల్లల్ని కూర్చోబెట్టి ఒక్కొక్కరికి ఒక కాగితం రాయండి: వయసు, ఎత్తు, కాటా మీద తూచిన బరువు, కుడి పాదం, ఎడమ పాదం సెంటీమీటర్లలో, గోడ కుర్చీ ఎన్ని సెకన్లు, ఉబ్బసం ఉందా, రక్తం గ్రూపు, ఇంటి ఫోను. హిమోగ్లోబిన్ గడి ఖాళీ ఉంచి అక్టోబరులో నింపండి, డిసెంబరులో మళ్ళీ నింపండి. బరువు బయలుదేరే వారంలో ఇంకోసారి తూచండి. రెండు ప్రతులు తీసి ఒకటి పీడీ దగ్గర, ఒకటి పిల్లవాడి జాకెట్టు లోపలి జేబులో. బూటు ఇచ్చే గదిలో ఆ కాగితం తీసి చూపించమని చెప్పండి.

ఇట్లు,
అనంతపురం జిల్లాలో కొండ, మంచు శిక్షణ ఇస్తున్న కొందరం